ప్యూర్టోరికో టికెట్ల కన్నా ముందు పంచాంగం చూడండి

చలి మొదలైతే చాలు, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపింగ్ లేదు. ఇండియా వెళ్తే అక్కడే ఇరుక్కుపోతామేమోనని భయం. వెచ్చగా, కాస్త అడవీ సముద్రమూ ఉన్నచోటికి ఎక్కడికైనా వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చు. ప్యూర్టోరికో అమెరికా భూభాగమే. డాలస్ నుంచి దాని రాజధాని శాన్ హువాన్‌కి నేరుగా పోవడమంటే దేశంలోనే ఇంకో ఊరికి పోయినట్టు. పాస్‌పోర్టులో వీసా గడువు తీరిపోయినా, దేశంలో ఉండే అనుమతి (స్టేటస్), దేశంలోకి వచ్చినప్పటి రికార్డు ఐ-94 సరిగ్గా ఉంటే ఇబ్బంది లేదు. పాస్‌పోర్టు, హెచ్1బీ మంజూరైందని చెప్పే ఐ-797 కాగితం మాత్రం బ్యాగులో ఉంచుకోండి, అక్కడ అడిగే అధికారం ఇమిగ్రేషన్ అధికారులకుంది. పక్కనే కదా అని సెయింట్ థామస్ దీవికి మాత్రం పోకండి. అదీ అమెరికాదే గానీ, అక్కణ్నుంచి వచ్చేటప్పుడు సీబీపీ, అంటే సరిహద్దు అధికారుల తనిఖీ ఉంటుంది. శాన్ హువాన్‌లో క్రూజ్ ఎక్కితే అది వేరే దేశాల రేవుల్లో ఆగుతుంది, తిరిగి రావాలంటే స్టాంప్ కావాల్సిందే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న మీ ఫ్రెండ్ వెళ్లొచ్చాడని చెప్తే నమ్మి బయల్దేరకండి. చుట్టుపక్కల దీవులకి వెళ్లి గడువు తీరిన వీసాతోనే తిరిగొచ్చేందుకు విద్యార్థులకున్న వెసులుబాటు హెచ్1బీకి లేదు.

కాగితాల సంగతి అంతే. ఇక అసలు విషయం, తేదీలు. మనం లాంగ్ వీకెండ్ చూసి టికెట్లు కొంటాం. అక్కడ మాత్రం చంద్రుణ్ని చూసి కొనాలి.

2018 నవంబరులో, థాంక్స్‌గివింగ్ సెలవులకి మేము వెళ్లాం. ఫహార్దో దగ్గర లగూనా గ్రాండే అనే చోట రాత్రిపూట కయాక్‌లో తీసుకెళ్తారు. అక్కడి నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న జీవులు, నీళ్లు కదిలితే చాలు, నీలంగా వెలుగుతాయి. మనిషికి ఇంతని డబ్బు కట్టి, లైఫ్ జాకెట్లు బిగించుకుని, మడ చెట్ల మధ్య సన్నటి కాలువలోంచి తెడ్లు వేసుకుంటూ సరస్సులోకి వెళ్లాం. తీరా చూస్తే నెత్తిన నిండు చంద్రుడు. నీళ్లన్నీ వెండి పళ్లెంలా ఉన్నాయి, మెరుపు ఒక్కటీ లేదు. మా ఆవిడ వెనక నుంచి మెల్లగా అంది, "ఇవాళ కార్తీక పౌర్ణమండీ. ఇంట్లో దీపాలు పెట్టాల్సిన రోజున ఇక్కడ దీపాల కోసం వెతుకుతున్నాం." తిరుగుదారిలో, కొమ్మల నీడ చిక్కగా ఉన్నచోట, మా అబ్బాయి నీళ్లలో చెయ్యి పెట్టి తీస్తే వేళ్ల సందుల్లోంచి నాలుగు నీలి చుక్కలు జారాయి. అంతే, ఆ ట్రిప్పుకి అదే దక్కింది. టికెట్లు అమ్మినవాళ్లు పౌర్ణమి అని ఒక్క మాటైనా చెప్పలేదు. మనం అడగలేదు మరి.

రెండోసారి అమావాస్య చూసుకుని బియెకెస్ దీవికి వెళ్లాం. అక్కడి మస్కీటో బే ప్రపంచంలోకెల్లా ఎక్కువ వెలుగునిచ్చే అఖాతమని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. తెడ్డు ముంచిన ప్రతిసారీ నిప్పులో కర్ర కదిపినట్టుంది, కాకపోతే నీలి నిప్పు. కింద చేప పరిగెడితే దాని దారంతా గీత. అక్కడ ఈత నిషేధం. ఒంటికి సన్‌స్క్రీన్, దోమల మందు పూసుకుని నీళ్లలో చేతులు పెట్టడం కూడా ఆ జీవులకి విషమే, అందుకని దోమలకి భయపడి పొడుగు చేతుల చొక్కాలు వేసుకోండి. ఆ దీవికి ఫెర్రీ సెయిబా అనే ఊరి రేవు నుంచి బయల్దేరుతుంది, టికెట్ చాలా చవక, టైముకి రావడం మాత్రం దాని ఇష్టం. అద్దె కారుని ఫెర్రీ ఎక్కించడానికి సాధారణంగా ఒప్పుకోరు. చూడాల్సింది రాత్రి కాబట్టి ఆ రాత్రికి దీవిలోనే గది తీసుకోండి. వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామనుకుంటే చూసేది ఏమీ ఉండదు.

ఎల్ యూంకే అడవికి అందరూ వెళ్తారు, వెళ్లాలి కూడా. అమెరికా నేషనల్ ఫారెస్టులన్నిటిలో ఉష్ణమండల వర్షారణ్యం ఇదొక్కటే. శాన్ హువాన్ నుంచి గంట లోపు దారి. పొద్దున్నే చేరకపోతే పార్కింగ్ దొరకదు. నేను చెప్పదలచుకున్నది ఏర్ల గురించి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతుంటే, నిమిషాల్లో ఏరు పొంగుతుంది. దాన్ని అక్కడివాళ్లు "గోల్పే దే ఆగ్వా" అంటారు. నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, ఫొటో సంగతి మరచి గట్టెక్కెయ్యండి. హవాయి చెప్పులతో ఆ రాళ్ల మీద నడవకండి. కాళ్ల మీద పుండ్లుంటే ఆ నీళ్లలో దిగకపోవడం మంచిది, వరద తర్వాత లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు అంటుకునే అవకాశం ఉంది.

సముద్రం గురించి ఇంకా గట్టిగా చెప్తాను. మనలో చాలామందికి ఈత రాదు, మోకాలి లోతే కదా అని దిగుతాం. ఉత్తరపు ఒడ్డున చలికాలం అట్లాంటిక్ అలలు పెద్దవి, లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. హోటల్ ముందున్న బీచ్ కదా అని నమ్మొద్దు. లుకియో లాంటి "బాల్నేరియో" అని రాసున్న ప్రభుత్వ బీచ్‌లకి వెళ్లండి, లైఫ్‌గార్డ్ ఉన్నాడో లేదో చూసుకుని దిగండి. రింకోన్‌లో సర్ఫింగ్ నేర్పుతారు. 1968లో ప్రపంచ పోటీలు జరిగిన ఊరది, చలికాలపు పెద్ద అలలు మాత్రం నేర్చుకునేవాళ్లకి కావు. ఒడ్డున చిన్న పచ్చ ఆపిల్ కాయల్లాంటివి రాలి ఉంటే పిల్లల్ని ముట్టనివ్వకండి. మాంచినీల్ చెట్టు కాయలు అవి, విషం. వానలో ఆ చెట్టు కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

జిప్‌లైన్ కావాలంటే ఒరోకోవిస్ కొండల్లో తోరో వెర్దే ఉంది. బోర్లా పడుకోబెట్టి రెండున్నర కిలోమీటర్ల తీగ మీద వదులుతారు. నేను ఎక్కలేదు, కింద నిలబడి పర్సులు పట్టుకున్నాను. దారి మన మారేడుమిల్లి ఘాట్‌లా మెలికలు, మీలో కారులో కడుపు తిప్పేవాళ్లుంటే ముందే మాత్ర వేసుకోండి. ఇంకో తమాషా, అక్కడ దూరాలు కిలోమీటర్లలో, స్పీడు మైళ్లలో, పెట్రోలు లీటర్లలో.

శాకాహారులు భయపడక్కర్లేదు, అలాగని ధీమా కూడా వద్దు. "అరోస్ కోన్ గందూలెస్" అంటే కంది గింజలతో వండిన అన్నం. గందూలెస్, కందులు, పేరు కూడా చుట్టరికంలాగే వినిపిస్తుంది. చూడగానే ప్రాణం లేచొస్తుంది గానీ అందులో పంది మాంసం ముక్కలు వేయడం మామూలే. "సిన్ హామోన్, సిన్ కార్నే?" (పంది మాంసం, వేరే మాంసం లేకుండానేనా?) అని అడిగి ప్లేటు పట్టుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు శాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో లగేజీని వ్యవసాయ శాఖ వాళ్లు స్కాన్ చేస్తారు. మామిడికాయలు తేనివ్వరు. మా ఆవిడ ఆవకాయకని దాచిన మూడు కాయలూ అక్కడే డబ్బాలో పడేసి, ఫ్లైటు దిగేదాకా నాతో మాట్లాడలేదు.