దేవుడి తరఫున అబద్ధం ఆడొద్దు నాన్నా

ప్రియమైన నాన్నా,

ప్రభువు నామంలో వందనాలు. యవనస్తుల బైబిల్ స్టడీ ఇకనుంచి నువ్వే నడిపిస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. పిల్లలు రాసిచ్చిన ప్రశ్నలన్నీ చదివాను. దేవుడు మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే లోకంలో ఇంత కీడు ఎందుకు? మనం ఏం చేస్తామో ఆయనకు ముందే తెలిసినప్పుడు తప్పు మనదెలా అవుతుంది? బైబిల్ని మధ్యలో ఎవరూ మార్చలేదని ఏంటి నమ్మకం? ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లల మధ్యే కూర్చున్నదాన్ని కాబట్టి, టెన్షన్‌గా ఉందని నువ్వు రాసింది నాకు బాగా అర్థమైంది. జవాబులు రాసి పంపమన్నావు. వాటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది.

యోబు గ్రంథం 13వ అధ్యాయం 7వ వచనం తీసి చదువు. బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు, తనను ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్ని అక్కడ నిలదీస్తాడు. దేవుడి పక్షాన మీరు అన్యాయంగా మాట్లాడతారా, ఆయన కోసం మోసపు మాటలు పలుకుతారా అంటాడు. విశ్వాసాన్ని సమర్థించే పనిలో ఉన్నవాళ్లకి వచ్చే పెద్ద శోధన ఇదే. ప్రశ్న గట్టిగా తగిలినప్పుడు, దేవుడి పరువు మన చేతుల్లో ఉన్నట్టు కంగారుపడి, మనకే నమ్మకం లేని మాట ఒకటి అనేస్తాం. ఆ పూటకి పిల్లలు ఊరుకుంటారు. తర్వాత నిజం తెలిసిన రోజున నీ మాటతో పాటు దేవుడి మాట కూడా నమ్మడం మానేస్తారు.

ఆ స్నేహితుల సంగతే చూడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు దూరం నుంచి వచ్చారు. యోబును గుర్తుపట్టలేక ఏడ్చారు. ఏడు రోజులు అతనితో పాటు నేలమీద కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నాలుగో అధ్యాయం నుంచి నోరు విప్పి వివరించడం మొదలుపెట్టారు. దేవుడు న్యాయవంతుడు కాబట్టి నువ్వు ఏదో పాపం చేసే ఉంటావన్నది వాళ్ల వాదన. చివరికి 42వ అధ్యాయంలో, తనను అంతగా వెనకేసుకొచ్చిన వాళ్లమీదే దేవుడికి కోపం వస్తుంది. ఫిర్యాదు చేసిన యోబే తన గురించి సరిగ్గా మాట్లాడాడని ఆయన అంటాడు. కీడు గురించి నోరు తెరిచే ప్రతి క్రైస్తవుడికీ ఈ అధ్యాయం చదివాక కాస్త భయం కలగాలి.

నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుండే సంగతి ఒకటి రాస్తాను. చిన్నబిడ్డ చనిపోయిన ఇంట్లో కూర్చున్నాం. పరామర్శకు వచ్చిన పెద్దాయన ఒకరు తల్లి పక్కన కూర్చుని, "దేవుడు తన తోట కోసం మంచి పువ్వును కోసుకున్నాడమ్మా" అన్నారు. ఆమె తలెత్తి, "అన్ని పూలున్న ఆయనకి నాకున్న ఒక్కటే కావలసొచ్చిందా?" అని అడిగింది. ఎవరికీ నోట మాట రాలేదు. కాసేపటికి ఒకావిడ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఆమె చేత రెండు గుక్కలు తాగించి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ పెద్దాయన దుర్మార్గుడేం కాదు. ఏదో ఒకటి చెప్పి తీరాలనుకున్నారు, అంతే.

కాబట్టి కీడు గురించి ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడు. పుస్తకం చదివి వచ్చిన కుర్రాడికి వాదన కావాలి. ఇంట్లో నాన్న చేతిలో దెబ్బలు తింటున్న అమ్మాయి కూడా అచ్చం అదే ప్రశ్న, అవే మాటల్లో అడుగుతుంది. ఆ అమ్మాయికి స్వేచ్ఛాచిత్తం గురించి, అంటే మంచీ చెడూ ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి ఉండటం గురించి పాఠం చెప్తే ఆమెను రెండోసారి కొట్టినట్టే. తేడా తెలియకపోతే "ఇది నిన్ను ఎప్పటి నుంచి బాధపెడుతోంది?" అని మెల్లగా అడుగు. మీటింగ్ అయ్యాక విడిగా మాట్లాడు. ఇంట్లో ప్రమాదం ఉందని తెలిస్తే ప్రార్థనతో సరిపెట్టకుండా, ఆ పిల్లకి నిజంగా అండగా నిలబడగల పెద్దవాళ్లకి చెప్పు.

బాధపడేవాళ్ల పాపం వల్లే ఆ బాధ వచ్చిందని మాత్రం ఎవరినీ అననివ్వకు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులేం కాదని యేసే చెప్పాడు. అది లూకా 13లో ఉంది. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి గురించి, వీడు పాపం చేశాడా వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు. ఈ రెండు చోట్లూ పిల్లలకి కంఠతా వచ్చేయాలి.

ఇక వాదన కావాలన్నవాళ్ల సంగతి. 1955లో జె.ఎల్. మాకీ అనే తత్వవేత్త, మంచివాడైన సర్వశక్తిమంతుడూ కీడూ ఒకే లోకంలో ఉండటం తర్కానికే విరుద్ధమని రాశాడు. దానికి క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 1974లో ఇచ్చిన జవాబు పేరున్నది. నిజంగా స్వేచ్ఛ ఉన్న మనుషుల్ని చేసి, వాళ్లు ఎప్పుడూ మంచే ఎంచుకునేలా బలవంతపెట్టడం సర్వశక్తిమంతుడికైనా కుదరకపోవచ్చు, కాబట్టి ఆ రెండింటి మధ్యా తప్పనిసరి వైరుధ్యం లేదు అన్నాడు. నాస్తిక తత్వవేత్తల్లో కూడా చాలామంది ఇంతవరకు ఒప్పుకున్నారు. కానీ ఇది తేల్చింది ఎంతో గమనించు. వైరుధ్యం లేదని మాత్రమే తేల్చింది. ఫలానా కీడు ఎందుకు జరిగిందో చెప్పలేదు. దీంతో సమస్య తీరిపోయిందని పిల్లలకి చెప్తే అది ఎక్కువ చెప్పడమే. 1979లో విలియం రో అనే నాస్తిక తత్వవేత్త, అడవి మంటల్లో కాలి, రోజుల తరబడి విలవిల్లాడి చనిపోయే జింకపిల్లను ఉదాహరణగా తీసుకున్నాడు. అక్కడ ఏ మనిషి స్వేచ్ఛా లేదు. ఆ బాధ వల్ల ఎవరికి ఏం మేలు అని అడిగాడు. 1755 నవంబర్ 1న, సకల పరిశుద్ధుల పండుగ నాడు జనం ఆరాధనల్లో ఉండగా లిస్బన్‌లో భూకంపం వచ్చింది. దాన్ని కూడా మనిషి స్వేచ్ఛతో వివరించలేం.

కీడు అనేది దేవుడు సృష్టించిన పదార్థం కాదు, మంచి ఉండాల్సిన చోట అది లోపించడమే అన్నాడు తొలి శతాబ్దాల సంఘ బోధకుడు ఆగస్టీన్. ఇది ఉపయోగపడే ఆలోచనే, కీడును దేవుడితో సమానమైన శక్తిగా చూడకుండా కాపాడుతుంది. రెండో శతాబ్దపు బిషప్ ఐరేనియస్ మనిషిని ఇంకా ఎదగాల్సిన బిడ్డగా చూశాడు. ఆ దారిలోనే తత్వవేత్త జాన్ హిక్ 1966లో, ఈ లోకం ఆత్మలు పరిణతి పొందే చోటు అని రాశాడు. కొన్ని కష్టాలకి అది నిజమే. మనిషిని నలిపేసే కష్టాలూ ఉన్నాయి, వాటిదగ్గర ఆ మాట నిలవదు. నా మట్టుకు నేను చివరికి వచ్చి నిలబడేది సిలువ దగ్గరే. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న కేక అక్కడ దేవుని కుమారుడి నోటినుంచే వచ్చింది. అది వివరణ కాదు. మన దేవుడు బాధకి బయట నిలబడి చూసేవాడు కాదన్న సాక్ష్యం మాత్రం అందులో ఉంది. నాకు అది చాలినంత ఉంది. మీ పిల్లల్లో ఒకరికి చాలకపోతే వాళ్లతో దెబ్బలాడకు.

స్వేచ్ఛాచిత్తం గురించి ఎక్కువ రాయను. ఇందులో క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదని మొదటే చెప్పెయ్. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు మనిషి చిత్తానికి స్వేచ్ఛ ఉందని రాస్తే, మరుసటి ఏడాదే ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్ అది బానిసత్వంలో ఉందని జవాబు రాశాడు. నెదర్లాండ్స్‌లో డోర్ట్ అనే సంఘ పెద్దల సభ 1618, 1619ల్లో కూర్చుని, దేవుడి కృపను మనిషి కాదనగలడన్న ఆర్మీనియస్ అనుచరుల అభిప్రాయాల్ని తోసిపుచ్చింది. ఆ చర్చ ఇప్పటికీ నడుస్తోంది. రెండు వైపులా ప్రభువును ప్రేమించినవాళ్లే ఉన్నారు. దేవుడికి ముందే తెలియడం గురించి బోయెథియస్ అనే రోమన్ తత్వవేత్త ఆరో శతాబ్దంలో జైల్లో ఉండి రాసింది నాకు నచ్చుతుంది. దేవుడికి కాలమంతా ఒకేసారి కళ్లముందు ఉంటుంది, చూడటం వేరు చేయించడం వేరు అంటాడు. తెలిసి కూడా ఎందుకు సృష్టించాడన్న ప్రశ్న మాత్రం అప్పటికీ మిగులుతుంది.

ఇక్కడ సగం వచనాలు చూపించి మిగతా సగం దాచే అలవాటు చాలామందికి ఉంది. నిర్గమకాండంలో ఐగుప్తు రాజు ఫరో తన హృదయాన్ని తానే కఠినం చేసుకున్నాడని 8వ అధ్యాయంలో ఉంది, యెహోవా అతని హృదయాన్ని కఠినపరచాడని 9వ అధ్యాయంలో ఉంది. రెండూ చదివించు. యోసేపు తనను అమ్మేసిన అన్నలతో, మీరు నాకు కీడు చేయాలనుకున్నారు గానీ దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడు అన్న చోటు కూడా చదివించు. ఒకే సంఘటనలో రెండు ఉద్దేశాలు. అన్నల తప్పు మాఫీ కాలేదు, దేవుడి పని ఆగలేదు. ఇంకోమాట, వ్యసనంలో కూరుకుపోయిన పిల్లాడితో "నీకు స్వేచ్ఛ ఉంది, మానెయ్" అనకు. చేయగోరిన మేలు చేయలేకపోతున్నానని రోమీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయంలో ఉన్న మొర చూపించు.

బైబిల్ నమ్మదగినదేనా అన్న ప్రశ్న దగ్గర మనవాళ్లు అన్నింటికంటే ఎక్కువ తడబడతారు. "ఒక్క అక్షరం కూడా మారలేదు" అని ఎప్పుడూ అనకు. కొత్త నిబంధన రచయితలు స్వయంగా రాసిన ప్రతులు ఒక్కటీ మిగల్లేదు. గ్రీకు వ్రాతప్రతులు 5,000కు పైగా ఉన్నాయి, వాటి మధ్య తేడాలు లక్షల్లో ఉన్నాయి. ప్రతులు అన్ని ఉండబట్టే తేడాలూ అన్ని కనిపిస్తున్నాయి. చాలామటుకు స్పెల్లింగులు, మాటల వరస. కొన్ని పెద్దవి, వాటిని నువ్వే ముందు చూపించు. మార్కు సువార్త 16వ అధ్యాయం తెరిపించి, నాలుగో శతాబ్దపు సినాయిటికస్, వాటికానస్ ప్రతులు రెండూ 8వ వచనంతో, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న మాటతో ఆగిపోతాయని చెప్పు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ యోహాను సువార్త పాత ప్రతుల్లో లేదని కూడా చెప్పు. ఈ సంగతులు పిల్లలు మొదటిసారి నీ నోట వింటే, రేపు ఎవరో వెక్కిరిస్తూ అన్నప్పుడు కుంగిపోరు. పైగా, ఏ వాక్యాలు అనుమానమో ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాం అంటే మిగతా పాఠం మీద, అంటే మూల రాత మీద, మనకెంత పట్టుందో వాళ్లకే తెలుస్తుంది.

1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన పాత వ్రాతచుట్టల గురించి చెప్పేటప్పుడు కూడా నిగ్రహం ఉండాలి. అక్కడి పెద్ద యెషయా చుట్ట, అంతకుముందు మన దగ్గరున్న పూర్తి హీబ్రూ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్లు పాతది. చిన్న చిన్న తేడాలు చాలా ఉన్నా గ్రంథం అదే గ్రంథం. ఇది గొప్ప సంగతే. కానీ అదే గుహల్లో, ఇప్పుడున్న హీబ్రూ పాఠానికంటే పొట్టిదైన యిర్మీయా పాఠానికి దగ్గరగా ఉన్న ముక్కలూ దొరికాయి. మొదటిది చెప్పి రెండోది దాచకు. అలాగే 325లో బిషప్పులు కూడిన నీకయ సభ ఓట్లేసి బైబిల్ని తయారుచేసిందన్న ప్రచారం తప్పని కూడా చెప్పు. పుస్తకాల జాబితా ఆ సభ తేల్చలేదు. మన కొత్త నిబంధనలోని 27 పుస్తకాలనే సరిగ్గా పేర్కొన్న జాబితా 367లో బిషప్ అతనాసియస్ రాసిన లేఖలో ఉంది.

పాఠం చెడకుండా మన చేతికి వచ్చిందనడం వేరు, అందులో రాసింది నిజమనడం వేరు. ఈ రెంటినీ కలిపేస్తే తెలివైన పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పిలాతు పేరున్న రాయి 1961లో కైసరయలో దొరికింది. దావీదు వంశం ప్రస్తావన ఉన్న శాసనం 1993లో తేల్ దాన్‌లో బయటపడింది. ఈ మనుషులు కల్పితం కాదని అవి చెప్తాయి, పునరుత్థానాన్ని రుజువు చేయవు. దానికి పౌలు దగ్గరికి రావాలి. 1 కొరింథీయులకు 15లో తనకు అందిన సాక్ష్యాన్నే అప్పగించానంటూ, లేచిన ప్రభువును చూసినవాళ్ల పేర్లు చెప్తాడు. ఆ పత్రిక సిలువకు పాతికేళ్ల లోపు రాసింది. అంతకుముందే యెరూషలేములో పేతురు దగ్గర 15 రోజులున్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని గలతీయులకు రాశాడు. అంత దగ్గర సాక్ష్యం అది. ఆ తర్వాత నమ్మడం, నమ్మకపోవడం ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

ఇశ్రాయేలీయుల శత్రువులైన అమాలేకీయుల పసిబిడ్డల్ని కూడా చంపమన్న 1 సమూయేలు 15వ అధ్యాయం ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. అది తీర్పు అని కొందరు, ఆ కాలపు యుద్ధ భాషలోని అతిశయోక్తి అని కొందరు అంటారు. తొలినాటి బైబిల్ పండితుడు ఓరిజెన్ అలాంటి చోట్లను మన లోపలి పాపంతో యుద్ధంగా చదివాడు. నాకు వీటిలో ఏదీ పూర్తిగా సరిపోలేదు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ఇబ్బంది పడతాను, పడకపోవడమే తప్పనుకుంటాను. వాళ్లకి అలాగే చెప్పు.

తెలియని ప్రశ్న వస్తే తెలియదను, వచ్చే వారం చూసి చెప్తానను, మర్చిపోకుండా చెప్పు. సందేహాన్ని పాపమని మాత్రం అనకు. సందేహపడేవాళ్లమీద కనికరం చూపించమని యూదా పత్రికలోనే ఉంది.

మొదటి వారం హబక్కూకు తీసుకో. మూడే అధ్యాయాలు. మొర పెడుతున్నా వినవేమని ప్రవక్త దేవుణ్ణి అడుగుతాడు. కల్దీయుల్ని, అంటే బబులోను సైన్యాన్ని, రప్పిస్తున్నానని దేవుడు జవాబిస్తాడు. ఆ జవాబుతో ప్రవక్త ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది, అంతకంటే దుర్మార్గుల్ని ఎలా వాడుకుంటావంటాడు. అవన్నీ ఎవరో ఒకరి చేత గట్టిగా చదివించు. రెండో అధ్యాయం మొదటి వచనంలో ఆయన జవాబు కోసం గోపురం మీద కావలి కాస్తూ నిలబడతాడు. అక్కడ ఆపి కాగితాలు పంచు. దేవుణ్ణి ఏం అడగాలనుందో ఎవరికి వారు రాయాలి, పేర్లు మాత్రం వద్దు. ఎంత కఠినంగా రాసినా దిద్దకు. ఆ కాగితాలు చదివి రెండో వారం ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో తేల్చుకో. ఎటూ తోచకపోతే ఫోన్ చెయ్యి, కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ