నీ వాల్వు మీది చిన్న బొడిపె

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ స్ప్రేయర్ పంపు వాల్వుకి వేసిన పేటెంట్ దరఖాస్తు మీద పేటెంట్ ఆఫీసు ఇచ్చిన మొదటి రిపోర్టు, అదే నువ్వు పంపిన ఎఫ్ఈఆర్, నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. దాంతో పాటు నువ్వు రాసింది ఒక్క లైనే: "మామయ్యా, మన వాల్వు పని అయిపోయింది." అక్క ఫోన్ చేసి, రెండు రోజులుగా నువ్వు సరిగ్గా అన్నం కూడా తినడం లేదంది. ముందు అన్నం తిను. ముప్పై ఏళ్లు చెన్నై పేటెంట్ ఆఫీసుకి కాగితాలు పంపినవాణ్ణి. అభ్యంతరాలు లేకుండా మొదటి రిపోర్టు నా చేతికి వచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాని పేరే ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్. ఎగ్జామినర్ వెతికి, చూసి, తన అనుమానాలు రాసి పంపుతాడు. పేటెంట్ ఇవ్వాలా వద్దా అని తేల్చేది అతని పై అధికారి కంట్రోలర్, అదీ నీ మాట విన్నాక.

గడువు సంగతి ముందు చెప్పేస్తాను. ఎఫ్ఈఆర్ మీద ఉన్న తేదీ నుంచి ఆరు నెలల్లో జవాబు వెళ్లాలి. ఆ ఆరు నెలలు పూర్తికాక ముందే ఫారం 4 వేసి ఫీజు కడితే ఇంకో మూడు నెలలు వస్తుంది. జవాబే వేయకుండా వదిలేస్తే పేటెంట్ చట్టం సెక్షన్ 21 కింద నువ్వే అప్లికేషన్ వదులుకున్నట్టు లెక్క కడతారు. ఆ తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి మీ అమ్మకి కూడా చెప్పు, ఆవిడ మర్చిపోదు. మహిళా దరఖాస్తుదారువి కాబట్టి ఫారం 18ఏ వేసి తొందరగా పరీక్ష చేయించుకున్నావు, మంచి పని. రిపోర్టు తొందరగా వచ్చింది కదా అని జవాబు కూడా తొందరపడి రాయకు. మొదటి వారం జవాబు మొదలుపెట్టొద్దు. కోపంలో రాసిన జవాబులు ఎలా ఉంటాయో నాకు తెలుసు, "ఎగ్జామినర్‌కి పంపు అంటే ఏమిటో తెలియదు" అనే అర్థం ప్రతి పేరాలోనూ కనిపిస్తుంది.

ఇక రిపోర్టు. ఆరు పేజీల్లో నిన్ను నిజంగా ఆపేవి రెండే అభ్యంతరాలు. మిగిలినవి ఇంటి పని లాంటివి: అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) 150 మాటలు దాటింది, క్లెయిమ్‌లలో, అంటే ఏది నీదని కోరుతున్నావో చెప్పే వాక్యాల్లో, భాగాల పక్కన బొమ్మలోని నంబర్లు బ్రాకెట్లలో పెట్టలేదు. అవి ఒక సాయంత్రం పని. అసలు గొడవ డీ1, డీ2 అని ఇచ్చిన రెండు పాత పేటెంట్లతో. నీ మొదటి క్లెయిమ్‌లో ఉన్నదంతా డీ1లోనే ఉందన్నాడు, అంటే కొత్తదనం లేదని. నాలుగో క్లెయిమ్‌కి డీ1, డీ2 కలిపితే చాలన్నాడు, అంటే ఇన్వెంటివ్ స్టెప్ లేదని, పని తెలిసినవాడు ఎవడికైనా తట్టేదేనని.

నీకు చేదుగా ఉండే మాట ఒకటి చెప్తాను. మొదటి క్లెయిమ్ విషయంలో ఎగ్జామినర్‌ది తప్పు కాదు. "మధ్యలో కాడ ఉన్న రబ్బరు బిళ్ళ, రంధ్రాలున్న సీటు, సీటు మీద ఎత్తుగా ఉన్న రింగు" అని నువ్వు రాసుకున్నది డీ1 మూడో బొమ్మలో అచ్చంగా అలాగే ఉంది. ఉండదా మరి? డయాఫ్రం పంపు, అంటే రబ్బరు పొర ఊగుతూ నీళ్లు లాగే పంపు, నిన్న మొన్నటిది కాదు. గాలితో నడిచే రెండు డయాఫ్రంల పంపుని జిమ్ విల్డెన్ అమెరికాలో 1955లోనే తయారుచేశాడు. పొర ఊగుతుంటే ఒక వైపు వాల్వు తెరుచుకుని, ఇంకో వైపుది మూసుకునే ఏర్పాటు మీద అప్పటికీ ఇప్పటికీ ఎందరో బుర్ర పెట్టారు. బంతి వాల్వు, రెక్క వాల్వు, బాతు ముక్కు వాల్వు, నీది లాంటి గొడుగు వాల్వు, అన్నీ ఉన్నాయి. ఎఫ్04బీ 43/02, ఎఫ్04బీ 53/10, ఎఫ్16కే 15/14 అనే పేటెంట్ వర్గాల్లో ఎగ్జామినర్ వెతికితే కట్టలు కట్టలుగా దొరుకుతాయి. వెడల్పు క్లెయిమ్ వేసి చూద్దామనుకున్నావు, తప్పులేదు, అందరం అలాగే మొదలుపెడతాం. ఇప్పుడు దాన్ని కాపాడుకోవడానికి పోరాడకు, వదిలెయ్.

నువ్వు చేయాల్సింది ఇది. డీ1, డీ2 రెండూ ప్రింట్ తీసుకో. టేబుల్ మీద పాత న్యూస్ పేపర్ పరిచి, నీ బ్యాటరీ స్ప్రేయర్ పంపు విప్పి పెట్టుకో. నువ్వు అచ్చు పోయించిన వాల్వు ఒక చేతిలో, డీ1 బొమ్మ ఇంకో చేతిలో పట్టుకుని, "ఇది దీనిలో ఉందా?" అని ఒక్కో భాగాన్నీ అడుగు. నేను ఇక్కడ నువ్వు సంక్రాంతికి ఇచ్చిన శాంపిల్‌తో అదే చేశాను.

బిళ్ళలో సగం మందంగా, సగం పల్చగా ఉంది. డీ1లో అలా లేదు, డీ2లో ఉంది. కానీ డీ2 రెక్క వాల్వు, ఒక అంచు స్క్రూలతో బిగించి ఉంటుంది. నీది గొడుగు, కాడ మీద నిలబడింది. తర్వాత బిళ్ళని తిప్పి చూశాను. కాడ పక్కన బియ్యపు గింజంత బొడిపె, అది కూర్చోవడానికి సీటులో చిన్న గాడి. దీని గురించి నీ స్పెసిఫికేషన్‌లో, అంటే దరఖాస్తుతో వేసిన వివరణలో, ఎక్కడుందా అని వెతికితే, పదకొండో పేరాలో ఒక వాక్యం దొరికింది: బిళ్ళ తిరగకుండా బొడిపె ఆపుతుందని, దానివల్ల పల్చని సగం ఎప్పుడూ పెద్ద రంధ్రం మీదే ఉంటుందని. ఐదో బొమ్మలో అది నంబరుతో సహా కనిపిస్తోంది. క్లెయిమ్‌లలో మాత్రం ఎక్కడా లేదు. "అది అమర్చడానికి వీలుగా పెట్టాను మామయ్యా, అంతే" అని నువ్వు అప్పుడు తేలిగ్గా తీసిపారేయడం గుర్తుంది.

పిచ్చిదానా, నీ ఆవిష్కరణ అదే.

ఎందుకో చూడు. మిర్చికి మాంకోజెబ్ లాంటి పొడి మందు కొట్టి, ట్యాంకు కడగకుండా మూల పెడితే, మూడు రోజుల తర్వాత ఆ పొడి వాల్వు అంచు కింద పేరుకుని గట్టిపడుతుంది. మోటారు తిరుగుతుంది, పంపు మాత్రం నీళ్లు లాగదు. మామూలు గొడుగు వాల్వు చుట్టూ సమానంగా లేస్తుంది కాబట్టి నీళ్లు అన్ని వైపులా మెల్లగా పోతాయి, పొడి కదలదు. నీ వాల్వు పల్చని వైపు ముందు లేస్తుంది, ఇరుకు సందులోంచి నీళ్లు వేగంగా దూసుకొచ్చి సీటుని తుడిచేస్తాయి. ఇంతవరకూ డీ1, డీ2 కలిపి ఎవరైనా ఆలోచించొచ్చు అంటాడు ఎగ్జామినర్, ఒప్పుకుందాం. కానీ డీ2లోని పల్చని సగాన్ని తెచ్చి డీ1 గొడుగుకి పెడితే ఏమవుతుంది? పంపు అదురుకి బిళ్ళ కాడ మీద మెల్లగా తిరుగుతుంది. కొన్నాళ్లకి పల్చని సగం రంధ్రం లేని వైపుకి పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. డీ2లో రెక్క బిగించి ఉంది కాబట్టి తిరగడం అనే సమస్యే లేదు. డీ1లో బిళ్ళ అంతా ఒకే మందం కాబట్టి తిరిగినా నష్టం లేదు. అంటే తిరగడం అనే సమస్య ఈ రెండిట్లో దేన్లోనూ లేదు, రెండూ కలిపాకే పుడుతుంది. ఆ పుట్టిన సమస్యకి జవాబు నీ బొడిపె, గాడి. నీ జవాబుకి నడుము ఈ వాదనే. ఐదారు వాక్యాల్లో రాయి, చాలు. విశేషణాలు వద్దు.

రెండో అభ్యంతరంతో పాటే సెక్షన్ 3(ఎఫ్) కింద "తెలిసిన వస్తువుల్ని పక్కపక్కన అమర్చడమే" అన్నాడు కదా, దానికీ ఇదే జవాబు. ఆ సెక్షన్ వర్తించేది ఒక్కో భాగం దేని పని అది చేసుకుంటున్నప్పుడు. నీ దాంట్లో బొడిపె లేకపోతే పల్చని సగానికి అర్థం లేదు, పల్చని సగం లేకపోతే బొడిపెకి పని లేదు. ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయని చూపించు.

క్లెయిమ్ తిరగరాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది సెక్షన్ 59 దగ్గర. మొదట వేసిన స్పెసిఫికేషన్‌లో లేనిది ఒక్క ముక్క కూడా ఇప్పుడు చేర్చకూడదు. క్లెయిమ్‌ని కుదించొచ్చు, పెంచకూడదు. దీన్ని నేను నా తలకాయతోనే నేర్చుకున్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక ఫుట్ వాల్వు కేసు వచ్చింది. స్ప్రింగు సీటుకి ఏటవాలుగా ఉండటమే దాని గొప్ప. బొమ్మలో అలా ఉన్నట్టు నాకు అనిపించింది, క్లెయిమ్‌లో చేర్చేశాను. హియరింగ్‌లో కంట్రోలర్ బొమ్మ చూపించి, "ఏటవాలు అని ఎక్కడ రాశారు? బొమ్మ గీసినాయన చెయ్యి వంకర పోయిందేమో" అన్నారు. నా దగ్గర మాట లేదు. ఆ కేసు పోయింది, ఆ క్లయింటు మళ్ళీ నా మెట్లు ఎక్కలేదు. నీకు ఆ పదకొండో పేరా ఉంది. కొత్త క్లెయిమ్‌లో ప్రతి మాట పక్కనా అది ఏ పేరాలో, ఏ బొమ్మలో ఉందో జవాబులో చూపించు.

రాసే పద్ధతి రెండు భాగాలుగా పెట్టుకో. డీ1లో ఉన్నదంతా ముందు భాగం, "దీని విశేషం ఏమిటంటే" అన్న చోటు నుంచి నీది: పల్చని సగం, దాని కింద పెద్ద రంధ్రం, బొడిపె, గాడి. మందం 0.8 మిల్లీమీటర్లు, 1.2 మిల్లీమీటర్లు అని రాశావు చూడు, ఆ అంకెల్ని మొదటి క్లెయిమ్‌లోకి తేకు. రేపు ఇంకొకడు 0.9తో చేసి నవ్వుకుంటూ పోతాడు. అవి కింది క్లెయిమ్‌లో ఉండనీ. "కన్సిస్టింగ్ ఆఫ్" (ఇవి మాత్రమే ఉన్నది) అన్నావు ఒకచోట, మొదటే "కంప్రైజింగ్" (ఇవి ఉన్నది) అనాల్సింది. మొదటి మాట తలుపు మూసేస్తుంది, రెండోది తెరిచి ఉంచుతుంది. కానీ ఇప్పుడు మారిస్తే క్లెయిమ్‌ని పెంచినట్టే, సెక్షన్ 59 ఒప్పుకోదు.  దాని జోలికి పోకు.

ఇంకో జాగ్రత్త. జవాబులో రాసిన ప్రతి మాటా రికార్డు. ఎవరైనా ఆఫీసు వెబ్‌సైట్‌లో తెరిచి చదవొచ్చు. "ఎత్తు రింగు అందరికీ తెలిసిందే, మాకు అది ముఖ్యం కాదు" అని విసురుగా రాస్తే, ఐదేళ్ల తర్వాత నీ మీద కేసు నడిపే లాయరు దాన్నే చదివి వినిపిస్తాడు. అవసరమైనంతే ఒప్పుకో.

"ఇది వర్క్‌షాపులో ఎవరైనా చేసే మార్పే" అనే మాట నిన్ను బాగా నొప్పించినట్టుంది. అది ఎగ్జామినర్ సొంత తిట్టు కాదు. 1978లో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. మీర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ గిన్నెలు చేసేవాళ్లది. గిన్నెని లేత్ మీద పట్టి ఉంచే ఏర్పాటుకి పేటెంట్ తీసుకున్నారు. కోర్టు దాన్ని నిలవనివ్వలేదు. పనివాడి మామూలు నేర్పుకి మించి ఏదో ఉండాలి, ఉత్త వర్క్‌షాపు మెరుగుదల చాలదు అంది. అప్పటినుంచి మెకానికల్ కేసుల్లో ఆ మాట తిరుగుతూనే ఉంది. నీ వాల్వు ఆ గీతకి ఇవతల ఉందో అవతల ఉందో చెప్పేది టెస్టు.

అందుకని ఈ నెలలో ఒక పని చెయ్. మూడు రకాల బిళ్ళలు తీసుకో: మామూలు గొడుగు, బొడిపె లేని పల్చని సగం, బొడిపె ఉన్నది. ఒకే పంపు, 12 వోల్టుల అదే బ్యాటరీ నిండా ఛార్జితో, ఒకే బకెట్ మందు నీళ్లు. కొట్టు, మూడు రోజులు ఎండనివ్వు, మళ్ళీ ఆన్ చేసి నీళ్లు లాగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయి. ఇలా ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు. రెండో రకం బిళ్ళ మీద పెన్నుతో గీత పెట్టు, తిరిగిందో లేదో ఫొటోలో కనపడాలి. నెగ్గని రోజులు కూడా పట్టికలో ఉండాలి, దాచకు. ప్రైమింగ్, అంటే ఆన్ చేశాక పంపు నీళ్లు అందుకోవడం, తొందరగా జరుగుతుందని నువ్వు మొదటే స్పెసిఫికేషన్‌లో రాశావు కాబట్టి ఈ పట్టిక దానికి బలం అవుతుంది. లేని లాభాన్ని కొత్తగా చెప్పినట్టు కాదు.

జవాబు చదివాక కూడా తృప్తి లేకపోతే సెక్షన్ 14 కింద హియరింగ్‌కి పిలుస్తారు. వీడియోలోనే. వాయిదా రెండుసార్లకి మించి ఇవ్వరు. హియరింగ్ అయ్యాక లిఖితపూర్వకంగా చెప్పుకోవడానికి 15 రోజులు ఉంటుంది, చాలామంది ఆ 15 రోజుల్ని అలసిపోయి వృథా చేస్తారు. అక్కడ కూడా కాదంటే హైకోర్టుకి అప్పీలు ఉంది, ఆ ఖర్చు సంగతి అప్పుడు చూద్దాం.

హియరింగ్‌లో సెక్షన్లు వల్లించకు, అవి కంట్రోలర్‌కి నీకన్నా బాగా తెలుసు. కెమెరా ముందు రెండు బిళ్ళలు పెట్టు. బొడిపె లేనిదాన్ని సీటులో పెట్టి వేలితో తిప్పు, తిరుగుతుంది. ఉన్నదాన్ని పెట్టి తిప్పు, తిరగదు. తర్వాత మాట్లాడు.

కొత్త క్లెయిమ్ తెలుగులోనే అయినా సరే ఆదివారం లోపు నాకు పంపు, ఇంగ్లీషు ఇద్దరం కలిసి చేద్దాం. టెస్టులు పెరట్లో చేసేటప్పుడు గ్లౌజులు, మాస్కు పెట్టుకో. ఆ బకెట్ వంటింటి వైపు రానివ్వకు, అక్క మళ్ళీ నాకే ఫోన్ చేస్తుంది.

మీ మామయ్య