ఆడ వరుసలో పొడి రాల్చే దుబ్బులను పూతకు ముందే పట్టుకోవచ్చా?

సందేహం: కరీంనగర్ జిల్లాలో ఎకరంన్నర హైబ్రిడ్ వరి సీడు వేశాను. పుప్పొడి రాల్చకూడని ఆడ వరుసల్లో కొన్ని దుబ్బులు రెండు మూడు రోజులు ముందే పూసి పొడి రాలుస్తున్నాయి. లాటు రిజెక్ట్ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మా అబ్బాయి దగ్గర ఫోల్డ్‌స్కోప్ అనే కాగితం మైక్రోస్కోపు ఉంది, దాంతో ఏమైనా తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది అన్నా. అది దాదాపు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, వరి పుప్పొడికి చాలు. కానీ ఇప్పటికే పూసినవాటికి మైక్రోస్కోపు అక్కర్లేదు. అసలు ఆడ మొక్క పుప్పొడి తిత్తులు సన్నగా, తెల్లగా, వడిలినట్టు ఉంటాయి. పసుపుపచ్చగా ఉబ్బి, దులిపితే పొడి రాలితే అది బి లైను (ఆడ మొక్కలాగే ఉండి, మంచి పుప్పొడి ఇచ్చే దాని జత రకం) కలిసినట్టే, వెంటనే పీకేయండి. ఆ పొడితో కట్టిన గింజ మళ్లీ ఆడ మొక్కే అవుతుంది, రేపు ఆ విత్తనం కొన్న రైతు మడిలో అలాంటి మొక్కలకు చాలావరకు తాలే మిగులుతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మామూలుగా ఆడ మొక్క వెన్ను మొదలు పోటాకు తొడుగులోనే ఇరుక్కుని ఉంటుంది, బి లైనుది పూర్తిగా బయటికి వస్తుంది, అయితే వెన్ను బయటికి రావడానికి వాడే జిబ్బరెల్లిక్ మందు కొట్టాక ఈ తేడా సరిగా కనపడదు.

ఇంకా పూయని అనుమానపు దుబ్బులకే మైక్రోస్కోపు వాడండి. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌లో అంతే నీళ్లు కలపండి. సాయంత్రం వెన్ను పైభాగంలో మర్నాడు విచ్చుకునే గింజలు తీసుకోండి, వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి తిత్తులు సగం పైకి వచ్చి కనిపిస్తాయి. ఒక్కో గింజలో ఆరు తిత్తులుంటాయి, వాటిని స్లైడు మీద ఒక చుక్క అయోడిన్‌లో సూదితో నలిపి, పొట్టు తీసేసి చూడండి. పిండి నిండిన మంచి పుప్పొడి గుండ్రంగా, నల్లగా మారుతుంది. గొడ్డు పుప్పొడి ముడుచుకుని లేత పసుపుగానే ఉంటుంది.

చాలామంది పొరపాటు చేసేది గింజ ఎంపికలోనే. మరీ లేత గింజ తీస్తే మగ మొక్క పుప్పొడిలో కూడా పిండి చేరి ఉండదు, అదీ గొడ్డుదానిలాగే కనిపించి మీరు మోసపోతారు. విచ్చుకున్న పువ్వు తీస్తే పక్క మగ వరుస పొడి దాని మీద పడి ఉండొచ్చు. కాబట్టి ముందుగా మగ వరుస నుంచి అదే వయసు గింజ తెచ్చి చూడండి, అది నల్లబడ్డాకే ఆడ వరుస గింజలు పట్టండి. ఆడ వరుసలో పుప్పొడి నల్లబడ్డ దుబ్బునే కాదు, సగం నల్లగా సగం పసుపుగా కనిపించిన దుబ్బునూ ఉంచొద్దు.

పీకే పని పొద్దున తొమ్మిదిలోపు, పువ్వులు విచ్చుకోకముందే ముగించండి. పీకినవి ఒడ్డు మీద వేయకుండా పొలానికి దూరంగా తీసుకెళ్లి పారేయండి, కోసిన వెన్నులో కూడా పువ్వు విచ్చుకుని పొడి రాల్చగలదు. పూత అయిపోయేదాకా రోజూ ఒకసారి వరుసల్లో తిరగండి.