పది రూపాయల బిళ్ళ ముందుగాల ఎవలు తీస్కోవాలె? (మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: అన్నా, కుమార్‌పల్లి మార్కెట్ల కూరగాయలమ్మే అవ్వ పది రూపాయల బిళ్ళ ఇస్తే ఇప్పటికీ ఎన్కకు ఇస్తది. చెల్లుతదని ఎంత చెప్పినా ఇనది. మన జనానికి బుద్ధి ఎప్పుడొస్తది? – ఓ ప్రైవేట్ ఉద్యోగి, హన్మకొండ

జవాబు: తమ్మీ, నువ్వన్నదాంట్ల సగమే కరెక్టు. బిళ్ళ చెల్లుతది, అండ్ల డౌటే లేదు. అప్పటిదాక వచ్చిన 14 డిజైన్లు, రూపాయి గుర్తు ఉన్నయి లేనియి అన్నీ అసలియే అని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలనే చెప్పింది. పది గీతలున్నది అసలు, పదిహేను గీతలున్నది నకిలీ అని వాట్సాప్‌ల తిరిగిన ముచ్చట ఉత్తదే.

కానీ ఒక్కసారి అవ్వ దిక్కు నిలబడి చూడు. టమాట తెచ్చేకాడ హోల్‌సేలోడు బిళ్ళ తీస్కోడు, ఆటోడు తీస్కోడు, ఇంటి పక్కన కిరాణంల తీస్కోరు, మరి నీ దగ్గర తీస్కొని డబ్బాల పోసుకొని ఏం చేస్కోవాలె ఆమె? బిళ్ళ నకిలీదని ఆమె భయం కాదు, ముందటోడు తీస్కోడని భయం, ఆ ముందటోనికి ఇంకో ముందటోని భయం. చెల్లుతదని అందరికీ తెలుసు, అయినా ఎవ్వలూ తీస్కోరు. ఎవని లెక్క వానికి కరెక్టే, అందరిది కలిపితేనే ఆగమైతంది. దీనికి అవ్వ బుద్ధిని అని లాభం లేదు. రోజుకు వందల మంది చేతుల చిల్లర తీస్కునే పెట్రోల్ బంకులు, బస్సు కండక్టర్లు, పెద్ద షాపులు మొదలు పెడితే వారం పది రోజులల్ల సదురుకుంటది అని నా అభిప్రాయం. అప్పటిదాక నువ్వో పని చెయ్యి, లెక్చర్ ఇచ్చుడు బంద్ చేసి ఆమె దగ్గరున్న బిళ్ళలు నువ్వే తీస్కొని నోటు ఇయ్యి, పోయి బ్యాంకుల కట్టుకో. వెయ్యి రూపాయల దాక బిళ్ళలతోని చెల్లించొచ్చని చట్టంలనే ఉంది.

ప్రశ్న: సార్, భూకంపం వచ్చినప్పటి సంది మా ఊర్ల చిన్న సప్పుడైనా బయటికి ఉరుకుతున్నరు. మొన్న గ్రూపుల "ఈ రాత్రి 2 గంటలకు మళ్ళ పెద్దది" అని వస్తే ముసలోళ్ళు, పిల్లలు వాకిట్లనే పండుకున్నరు. సమ్మక్క తల్లికి కోపమొచ్చిందని కూడా అంటున్నరు. – ఓ గృహిణి, తాడ్వాయి మండలం

జవాబు: అమ్మా, భయపడ్డందుకు మిమ్మల్ని ఎవ్వలూ నవ్వొద్దు. 2024 డిసెంబర్ 4 పొద్దున వచ్చినదాని తీవ్రత 5.3, హైదరాబాద్ల కూడా తెలిసింది, మీ కాడయితే గిన్నెలే కింద పడ్డయి. దానికి మూడు నెలల ముందే మీ అడవిల గాలివానకు వేల చెట్లు కూలినయి. రెండూ ఒక్కదగ్గరనే అయినంక ఎవలకైనా ఏదో ఉంది అనే అనిపిస్తది. గాలి పైన పని, భూకంపం భూమి లోపలి పని, ఒకదానికొకటి సంబంధం లేదు. గోదావరి లోయ కింద పాత పగుళ్ళు ఉన్నయి, 1969ల భద్రాచలం దిక్కు 5.7 వచ్చింది, అప్పుడు వాట్సాప్ లేదు గంతే.

తల్లి మీది భక్తిని నేనేమీ అనను, కానీ టైం చెప్పేటోన్ని మాత్రం నమ్మకుర్రి. ఫలానా గంటకు భూకంపం వస్తదని ముందే చెప్పే మిషన్ లోకంల ఎక్కడా లేదు, రోజూ భూమి కదిలే జపాన్‌ల కూడా లేదు. అందుకని గంట రాసి ఉన్న మెసేజ్ అంటే పూర్తిగ చదివే పని కూడా లేదు, తీసెయ్యుర్రి. ఒకటి గమనించుర్రి, గిట్లాంటి మెసేజ్‌లల్ల వచ్చే వీడియో చాలాసార్లు అసలిదే ఉంటది, దాని కింద రాసిందే అబద్ధం. గోడకు పగుళ్ళుంటే మేస్త్రీకి చూపియ్యుర్రి, బీరువా పక్కకు మంచం వెయ్యకుర్రి. అడివి పక్క ఊరు, వాకిట్ల పండుకుంటె పాము భయం అసలైన భయం.

ప్రశ్న: 2025 వానకాలంల మేము సొసైటీ ముందట చెప్పులు లైన్ల పెట్టి యూరియా కోసం నిలబడితే రైతులు అనవసరంగ ఆందోళన పడి ఎగబడుతున్నరు అని టీవీల చెప్పిర్రు. మేము పిచ్చోళ్ళమా? – ఓ రైతు, నర్సంపేట

జవాబు: కాదన్నా. నాట్లేసినంక పిలకలు పెట్టే దశల యూరియా పడాలె, పదిహేను రోజులు ఆలస్యమైతే తర్వాత లారీ లోడు తెచ్చినా ఆ పిలకలు తిరిగి రావు, ఇది టీవీ స్టూడియోల కూసున్నోనికి ఏం ఎరుక. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, దాని కోసం రాత్రంతా లైన్ల ఎవ్వలూ సరదాకు నిలబడరు. ఏడాదికి 12.7 లక్షల టన్నులు తీసే రామగుండం ఫ్యాక్టరీ ఆ సీజన్లనే ఆగింది, బయటి దేశాల నుంచి రావాల్సింది లేటయింది. సరుకు నిజంగనే తక్కువున్నది.

2024 జనవరి 2 నాటి పెట్రోల్ లొల్లి వేరు. కొత్త చట్టంల యాక్సిడెంట్ శిక్ష మీద ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపంగనే సగం ట్యాంకు ఉన్నోళ్ళు కూడా బాటిళ్ళు పట్టుకొని బంకులకు ఉరికిర్రు, సాయంత్రానికి లేని కొరత తయారయింది, అదే రాత్రి సమ్మె ముగిసింది. రెండిటినీ ఒక్క గాటన కట్టుడే తప్పు. గోదాంల ఎన్ని బస్తాలున్నయి, మళ్ళ లారీ ఏ రోజు వస్తది అని ఆఫీసర్లు సొసైటీ గోడకు ఒక కాగితం అంటిస్తే సగం లైను ఇంటికి పోయి పండుకుంటుండె. అది చెయ్యకుండ రైతులను అనుడు సులువు.

ప్రశ్న: బర్డ్ ఫ్లూ అన్నప్పుడల్లా మా ఇంట్ల కోడి బంద్. కానీ ఫ్రీ చికెన్ మేళా పెడితే మా ఆయన ఫస్టు లైన్ల ఉంటడు. ఏం చెయ్యాలె? – ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చెల్లే, పైసలు పెట్టి కొనేటప్పుడు వచ్చే భయం ఉత్తగ పెడితే ఎందుకు రాదో నాకూ సమజ్ కాదు! 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ చచ్చిపోతది, మన కూర అంతకంటె ఎక్కువనే ఉడుకుతది. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాల్ల ఫారాలల్ల కోళ్ళు చచ్చినప్పుడు అసలు రిస్కు వాటిని చేతులతోని ఎత్తిపోసిన కూలీలకు, తినేటోళ్ళకు కాదు. పచ్చి కోడి కోసినంక చేతులు, కత్తిపీట సబ్బుతోని కడుగు. హాఫ్ బాయిల్ గుడ్డు మాత్రం ఆ రోజులల్ల మీ ఆయనకు ఇయ్యకు, గట్టిగ ఉడకవెట్టియ్యి.