పండక్కి హాకీ పోటీ పెడుతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మీ మేనత్త ఆశీర్వదించి రాసేది. ఇక్కడ శ్రీకాకుళంలో అందరం క్షేమం.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది నీ మీద ఫిర్యాదు చెయ్యడానికే. "మీ అల్లుడు దసరా సెలవుల్లో మేడ మీద ఏదో పాత వీడియో గేమ్ పోటీ పెడతాడట వదినా, చదువూ సంధ్యా అక్కర్లేదట" అంది. ఏ ఆట అనడిగితే "అదే, మీ వీడియో గేముల షాపులో గుంటలు కొట్టుకుచచ్చేవారు చూడు, మంచు మీద హాకీ" అంది. మీ అమ్మ దగ్గర అయ్యో అన్నాను గానీ లోపల ఎంత సంతోషం వేసిందో! మీ మావయ్య ఉంటే ఈ పాటికి విజయనగరం బస్సెక్కేసేవారు. తీరా పడుకున్నాక టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

చిన్నచిన్నవి ముందు చెప్పేస్తాను. ఆ సెగా మెషిన్, అదే గేమ్ ఆడే పెట్టె, అమెరికాది అయితే దాని అడాప్టర్ తిన్నగా మన ప్లగ్గులో పెట్టకు. అది 120 వోల్టులది, మనకి వచ్చేది 230. కాలిన వాసన వచ్చాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. పాత టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే టీవీ పాడైందనుకోకు, వాళ్ళ సిగ్నల్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మన పాత టీవీలది పాల్ పద్ధతి, రెండూ కలవవు. కొత్త ఫ్లాట్ టీవీ అయితే గేమ్ మోడ్ పెట్టు. లేకపోతే నువ్వు బటన్ నొక్కిన కాసేపటికి గానీ తెర మీద మనిషి కదలడు. ఇక రోజు మాటకొస్తే, పైడితల్లి అమ్మవారి పండగ రోజులు, తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం వద్దే వద్దు. అమ్మవారు మూడు లాంతర్ల నుంచి కోటకి తిరుగుతుంటే నీ మేడ మీదికి ఎవడొస్తాడు? వచ్చినా నేను రానివ్వను.

ఇప్పుడు ఆట సంగతి. నువ్వు పెడుతున్నది ఎన్‌హెచ్‌ఎల్ '94 అని విన్నాను. ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడాల హాకీ లీగ్. 1993లో ఈఏ స్పోర్ట్స్ వాళ్ళు తెచ్చినది. మా షాపులోకి అది ఓడలో పనిచేసే మీ మావయ్య స్నేహితుడి పెట్టెలో వచ్చింది. అంతకు ముందు ఏడాది గేమ్‌లో ఆటగాళ్ళు గ్లవ్స్ పడేసి ముష్టియుద్ధం చేసేవారు. అక్కడి హాకీ లీగ్ వాళ్ళు ఒప్పుకోకపోవడంతో '94లో అది తీసేశారు. గుంటలకి అదే దిగులు. తెర మీద తీసేసిన కొట్లాట షాపు బెంచీ మీద జరిగేది. బదులుగా వన్‌టైమర్ వచ్చింది. పాస్ వస్తుండగానే ఆపకుండా షాట్ కొట్టేయడం. అది నేర్చుకున్నవాడు ఆ వారమంతా కాలర్ ఎగరేసుకుని తిరిగేవాడు.

ఆ ఆటలో వంకరలు ఉన్నాయని నీకూ తెలుసు. బరువు సంగతి చూడు. అయిదడుగుల ఆరంగుళాల ఫ్లూరీ, కాల్గరీ జట్టువాడు, వచ్చి ఢీకొంటే ఆరడుగుల నాలుగంగుళాల లిండ్రోస్ బోర్లా పడతాడు. ప్రోగ్రామ్‌లో బరువు లెక్క తిరగబడింది, కొట్లో తూకం రాళ్ళు తారుమారైనట్టు. మన సెగా మెషిన్ క్యాసెట్లో బక్కవాడు లావువాణ్ణి సులువుగా పడగొడతాడు. ఇది మోసమా అని నన్నడిగితే, కాదంటాను. క్యాసెట్ ఇద్దరికీ ఒకటే. మోసం ఎక్కడంటే, నీకు తెలిసిన ఈ సంగతి దాచి, కొత్తగా వచ్చిన గుంటడితో "లావువాళ్ళున్న జట్టు తీసుకోరా, బాగా గుద్దుతారు" అనడం. మా షాపులో ఈ మాట రోజూ వినిపించేది. నీ పోటీలో వినిపించకూడదు. ఆట మొదలయ్యే ముందే అందరికీ వినబడేలా చెప్పెయ్. బోర్డు మీద కూడా రాసి పెట్టు. తెలిసినవాడి గొప్ప తగ్గిపోతుందని ఎవరైనా గొణిగితే గొణగనీ. అలాగే ఒక్కో మ్యాచ్‌కి కొందరు ఆటగాళ్ళ ఫామ్ మారుతుందని చెప్పు. పొద్దున్న గోల్స్ కొట్టినవాడు సాయంత్రం డల్‌గా ఉంటే, రిమోట్‌లో ఏదో చేశారని గోల పెట్టేవాళ్ళు ఉంటారు.

రిమోట్లంటే గుర్తొచ్చింది. రెండింటిలో ఒకదాని సీ బటన్ ఎప్పుడూ అరిగిపోయే ఉంటుంది. షూట్ చేసేది దాంతోనే కదా. సగం ఆటయ్యాక రిమోట్లు మార్పించు. పాజ్ విజిల్ పడ్డప్పుడే నొక్కాలి. ఎదుటివాడు గోల్ ముందుకి వచ్చేసరికి "అమ్మ పిలుస్తోంది" అని పాజ్ నొక్కే మహానుభావులు మా కాలంలో ఉండేవారు. ఇప్పుడు ఫోనొచ్చిందంటారు.

ఇదంతా నువ్వు సర్దుకోగలవు. నాకు నిద్ర పట్టనిది వేరే. మీ నాన్న చేసిన పని ఒకటి నీకు చెప్పాలి. ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించినా ఫరవాలేదు, ఎదురుగానే చాలాసార్లు అన్నాను.

అప్పుడు మీ నాన్న ఇంటర్ చదువుతున్నాడు. దసరా సెలవుల్లో షాపులో పోటీ పెట్టాం. ఇంగ్లీషు మాన్యువల్ చదివి అర్థం చెప్పగలిగినవాడు మీ నాన్నే, అందుకని అంపైర్‌గా కూర్చోబెట్టాం. చీటీలు తీస్తే కంటోన్మెంట్ నుంచి వచ్చే మీ నాన్న స్నేహితుడికి చికాగో తగిలింది, రోనిక్ లాంటి మేటి ఆటగాడు ఉన్న జట్టు. బాబామెట్ట గుంటడికి ఒటావా. అసలు లీగ్‌లో అంతకు ముందు సీజన్‌లో 84 మ్యాచ్‌లకి 10 గెలిచిన జట్టది, గేమ్‌లోనూ అలాగే ఉంటుంది. అందరూ నవ్వారు.

ఆ బాబామెట్ట వాడి దగ్గర అరగంటకి కట్టే డబ్బులు ఎప్పుడో గానీ ఉండేవి కావు. ఆడేవాళ్ళ వెనకాల గోడకి ఆనుకుని చూస్తుండేవాడు. మీ మావయ్య పొమ్మనేవారు కాదు. అలా చూసి చూసి, కంప్యూటర్ ఆడించే గోలీ, అదే గోల్ కాసేవాడు, వాడి గుణం కనిపెట్టేశాడు. పక్‌తో, అంటే హాకీ బిళ్ళతో, గోల్ ముందు నుంచి అడ్డంగా జారిపోతే గోలీ కూడా అటే ఒరుగుతాడు, అప్పుడు వదిలేసిన పక్కకి కొట్టడమే. ఒటావా పెట్టుకుని ఆ ఒక్క ఎత్తుతో చికాగో మీద గోల్ తరవాత గోల్ వేశాడు. మీ నాన్న స్నేహితుడు లేచి "ఇది ఆట కాదు, ఇది గేమ్‌లో లొసుగు" అని అరిచాడు. మీ నాన్న పాజ్ చేయించాడు. ఆలోచించినట్టు ముఖం పెట్టి, ఇలాంటి గోల్స్ లెక్కలోకి రావన్నాడు. ఇకముందు వేసేవే కాదు, వేసినవి కూడా! పలక మీద తుడిచేశాడు. తెర మీద ఒటావా గెలుస్తోంది, పలక మీద చికాగో గెలుస్తోంది.

వాడు "ముందు చెప్పలేదు కదన్నా" అన్నాడు. అంతే. మీ నాన్న జవాబు చెప్పలేదు. వాడు మిగతా ఆట పూర్తిగా ఆడి, రిమోట్ తీగ చుట్టిపెట్టి, మరి షాపు గుమ్మం తొక్కలేదు.

మీ నాన్న చెడ్డవాడని కాదు. స్నేహితుడు ఎదురుగా అరుస్తుంటే పద్దెనిమిదేళ్ళ గుంటడికి న్యాయం కనబడదు. దాని ఫలితం మర్నాటి నుంచి చూడాలి! ఓడిపోయిన ప్రతివాడూ మీ నాన్న దగ్గరికి వచ్చి వన్‌టైమర్ చెల్లదని ఒకడు, గోల్ వెనక నుంచి చుట్టి వేస్తే చెల్లదని ఇంకొకడు. పోటీ మూడో రోజుకి చేరకుండానే ఆగిపోయింది. అసలు మందు ఆ మాన్యువల్‌లోనే ఉంది. గోలీని కంప్యూటర్‌కి వదలకుండా ఆటగాళ్ళ చేతికే ఇస్తే ఆ ఎత్తు పారదు, మనిషి కాస్తుంటాడు కాబట్టి. కావాలంటే వచ్చే పోటీ నుంచి అలా మార్చుకోవచ్చు. నడుస్తున్న మ్యాచ్‌లో మాత్రం మొదట చెప్పిన రూలే చివరిదాకా. నీ ప్రాణస్నేహితుడు ఓడిపోతున్నా సరే. ఒరే, అప్పుడు మరీనూ.

చీటీల బదులు ఇంకో పద్ధతి చెయ్యి. ఒక్కో జంట రెండు మ్యాచ్‌లు, రెండోదానికి జట్లు తారుమారు. అయిదు నిమిషాల పీరియడ్లు పెడితే టైం సరిపోతుంది. చికాగో ఎవడికొచ్చిందన్న ఏడుపు ఉండదు.

ఇక పందేలు. దీని గురించి నువ్వు నవ్వుతావు, మీ అమ్మ కూడా నవ్వింది. నవ్వండి. మా షాపు బయట పది రూపాయలతో మొదలైంది. ఒక గుంటడు ట్యూషన్ ఫీజు పెట్టి ఓడిపోయాడు. వాళ్ళమ్మ మా మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నేను మంచినీళ్ళు ఇచ్చాను, అంతకన్నా ఏమీ ఇవ్వలేకపోయాను. ఇప్పుడు జేబులోంచి నోటు తియ్యక్కర్లేదు, ఫోన్లు ఉన్నాయి, నీకు కనబడను కూడా కనబడదు. అందుకని బహుమతి డబ్బు రూపంలో వద్దు. గెలిచినవాడికి ఒక కప్పు, అందరికీ టిఫిన్. ఎంట్రీ ఫీజు టిఫిన్‌కీ కరెంటుకీ సరిపడా పెట్టు, అంతకు మించి వద్దు. ఎవడైనా మెట్ల మీద లెక్కలు రాస్తూ కనబడితే పేరు కొట్టేసి పంపించెయ్, నీ బాబాయి కొడుకైనా సరే. మొహమాటపడ్డావో చెవి మెలిపెడతాను, ఇంత గడ్డం వచ్చిందని చూడను.

డబ్బుల్లేక గోడ దగ్గర నిలబడి చూసే వాడెవడైనా ఉంటే ఆడనీ. వాడి ఫీజు నేనిస్తాను.

మా అటక మీద ట్యూబ్ టీవీ ఉంది. వెలుగుతుందో లేదో తెలీదు, బరువు మాత్రం బాగా ఉంటుంది, ఒక్కడివే రాకు. పండక్కి నాలుగు రోజుల ముందే వచ్చి పట్టుకెళ్తే రిపేరు చేయించుకోడానికి టైం ఉంటుంది. నేనూ నీతోనే బయల్దేరతాను. అంపైర్‌గా కూర్చోమని మాత్రం అడగకు, ఆ కళ్ళు ఇప్పుడు లేవు. ఎంట్రీలు రాసే పుస్తకం నాకివ్వు, డబ్బుల లెక్క నేను చూస్తాను.

ఇట్లు,
మీ అత్త