విదేశీ ఓడ మునిగితే మన వేట నష్టం ఎవరిస్తారు?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఉప్పాడ. నాన్నకి, బాబాయికి కలిపి ఒక మోటారు బోటు ఉంది. కేరళలో కెమికల్ కంటైనర్లతో ఓడ మునిగి వేట ఆగిపోయిందని విన్నాం. మన దగ్గర అలా జరిగితే ఎవరి మీద కేసు వేయాలి? ఓనరుది ఏ దేశమో కూడా తెలియదు కదా!

జవాబు: ఓనరు కోసం దేశాలు తిరగక్కర్లేదు. సముద్ర ఓడల వివాదాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం కింద ఓడ మీదే దావా వేసి, రేవు దాటకుండా హైకోర్టు ద్వారా ఆపించవచ్చు. దీన్ని ఓడను 'అరెస్ట్' చేయడం అంటారు. పర్యావరణ నష్టానికీ ఈ దారి ఉంది. ఓడే మునిగిపోయాక దేన్ని ఆపుతాం అంటారా? అదే యజమాని ఇంకో ఓడ మన రేవుకొస్తే దాన్ని ఆపొచ్చు.

కేరళ చేసింది అదే. లైబీరియా జెండాతో తిరిగే ఎంఎస్‌సీ ఎల్సా 3, సుమారు 640 కంటైనర్లతో 2025 మే 25న మునిగింది. వాటిలో నీళ్లు తగిలితే మండే గ్యాస్ పుట్టించే కాల్షియం కార్బైడ్ కూడా ఉంది. ప్రభుత్వం రూ.9,531 కోట్లకు దావా వేయగానే, విళింజం రేవులో ఉన్న అదే గ్రూపు ఓడ అకితేత 2ను హైకోర్టు ఆపింది. తర్వాత సెప్టెంబరులో, ఓడను వదలాలంటే కట్టాల్సిన సెక్యూరిటీని, అంటే హామీ సొమ్మును, రూ.1,227 కోట్ల పైచిలుకుకు తగ్గించింది. ఇంకో సంగతి గమనించండి. ఆ రూ.9,531 కోట్లలో మత్స్యకారుల నష్టం కింద చూపింది రూ.526 కోట్ల చిల్లరే. అందుకే ప్రభుత్వం వేసిందిలే అని ఊరుకోవద్దు, మత్స్యకార సొసైటీ తరఫున మీ క్లెయిమ్ మీరు వేయండి.

అంతర్జాతీయ ఒప్పందాల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. ట్యాంకర్ ఓడ నుంచి చమురు కారితే పరిహారానికి నిధి ఉంది. రసాయనాల కోసం 1996లో రాసుకున్న ఒప్పందం, 2010లో సవరించినా, ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. పైగా ఓడ టన్నేజీని (పరిమాణాన్ని) బట్టి ఇంతకు మించి కట్టం అనే హక్కు యజమానులకు ఉంది. యజమాని కావాలనో, నష్టం తప్పదని తెలిసీ తెగించో చేశాడని రుజువైతేనే ఆ పరిమితి పోతుంది. అది తేలిక కాదు.

రెండో దారి, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్; మనకు దాని చెన్నై బెంచ్. ప్రమాదమైతే తప్పు ఎవరిదో మీరు రుజువు చేయక్కర్లేదు. 2011లో ముంబై తీరానికి దూరంగా 60 వేల టన్నుల బొగ్గుతో మునిగిన ఎంవీ రాక్ కేసులో, 2016లో ఈ ట్రిబ్యునలే విదేశీ ఓడ కంపెనీని రూ.100 కోట్లు కట్టమంది. గడువు నష్టం మొదలైన రోజు నుంచి ఐదేళ్లు, సరైన కారణం చూపితే మరో 60 రోజులు.

కేసు నిలబడేదీ పోయేదీ కాగితాల దగ్గరే. బోటు రిజిస్ట్రేషన్, డీజిల్ సబ్సిడీ రికార్డు, చేపలు కొన్న వ్యాపారి ఇచ్చిన చీటీలు ఇప్పటి నుంచే దాచండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి, ఆ రోజుల నష్టం అడిగితే అవతలి లాయరు మొదట అదే పట్టుకుంటాడు. నీళ్ల, చేపల శాంపిళ్లు మీరే సీసాల్లో పట్టి తెస్తే విలువ తక్కువ. మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి అధికారుల సమక్షంలో పంచనామాతో తీయించండి.

ఓడ ఇన్సూరెన్స్ వాళ్ల మనుషులొచ్చి కొంత డబ్బిచ్చి సంతకం అడిగితే, ఆ కాగితంలో 'ఫుల్ అండ్ ఫైనల్' (ఇక ఏమీ అడగం అని) ఉందేమో చూడండి. ఉంటే లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు.