పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తోబా తీరంలో ఒక రోజు

ప్రశ్న: మా అబ్బాయి జపాన్‌లో నగోయా నగరం దగ్గర ఇంజనీరుగా పని చేస్తున్నాడు. వచ్చే ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్తున్నాము. సాగర్ జలాశయం ఒడ్డున పెరిగినవాళ్లమే కానీ సముద్రం చూసింది తక్కువ. అబ్బాయికి ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజులో ఇసే దేవాలయం, తోబా పట్టణం, అక్కడి అక్వేరియం, ముత్యాల దీవి అన్నీ చూసి రావచ్చునా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రావచ్చునని చెప్పేవారు చాలామంది ఉంటారు కానీ, నేను మాత్రం వద్దనే అంటాను. ఇసే దేవాలయం సూర్యదేవత అమతెరాసు కొలువైన క్షేత్రం. అక్కడి ప్రధాన ఆలయాలను ప్రతి 20 ఏళ్లకు ఒకసారి పక్కనే ఉన్న స్థలంలో కొత్త కలపతో మళ్లీ నిర్మిస్తారు. చివరిసారి 2013లో అలా జరిగింది. లోపలి ఆలయానికి వంతెన దాటి, ఎత్తైన చెట్ల నడుమ కంకర దారిలో నెమ్మదిగా నడిచి వెళ్లాలి. గడియారం చూసుకుంటూ పరుగెత్తవలసిన చోటు కాదది. దానికి మరొక సెలవు రోజు కేటాయించి, ఈ ఆదివారం మొత్తాన్ని తోబాకే ఇవ్వండి.

నగోయాలో కింతెత్సు సంస్థ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే సుమారు గంటా నలభై నిమిషాలలో తోబా చేరుకుంటారు. మామూలు టికెట్టుతో పాటు ఎక్స్‌ప్రెస్ రుసుము కూడా చెల్లించి సీటు ముందుగానే రిజర్వు చేసుకోవాలి. స్టేషను సముద్రానికి ఆనుకునే ఉంటుంది. అక్కడి నుంచి ముత్యాల దీవికి అయిదు నిమిషాల నడక, అక్వేరియానికి పది నిమిషాల నడక. రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కనుక మోకాళ్ల నొప్పులున్నవారికి కూడా ఇబ్బంది ఉండదు. ఏప్రిల్‌లో కూడా సముద్రపు గాలి చల్లగానే ఉంటుంది కాబట్టి మీ ఆవిడకు ఒక శాలువా దగ్గర పెట్టుకోండి.

ముందుగా ముత్యాల దీవికి వెళ్లండి. చిన్న వంతెన దాటితే వచ్చే ఆ దీవిలో అమా స్త్రీలు నీటిలోకి దిగి చూపించే ప్రదర్శన రోజులో చాలాసార్లు జరుగుతుంది. అమా అంటే ఆక్సిజన్ సిలిండరు లేకుండా, కేవలం ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు వెళ్లి నత్తలు, గవ్వజాతి జీవులు, సముద్రపు నాచు ఏరుకొచ్చే స్త్రీలు. జపాన్‌లో వీరు అత్యధికంగా ఉన్నది ఈ తోబా, షిమా తీరంలోనే. నిమిషం లోపు మునక ముగించి పైకి రాగానే వారు ఊపిరి వదిలేటప్పుడు సన్నని ఈల వంటి శబ్దం వస్తుంది. దాని కోసం చెవి ఒగ్గి వినండి. ప్రదర్శనలో వారు పాతకాలపు తెల్లని దుస్తులు ధరిస్తారు, తేలే కొయ్య తొట్టిని పక్కన ఉంచుకుంటారు. ఇప్పుడు వృత్తిగా వేటకు దిగేవారు మాత్రం రబ్బరు దుస్తులే వాడుతున్నారు.

ఇది యాత్రికుల కోసం కల్పించిన వినోదం కాదని మీరు గుర్తుంచుకోవాలని నా కోరిక. ముత్యాల పెంపకానికి మార్గం చూపిన మికిమోతో కోకిచి తొలినాళ్లలో ముత్యపు చిప్పలను సముద్రం అడుగున పెంచేవాడు. వాటిని పైకి తెచ్చింది, మళ్లీ అడుగున జాగ్రత్తగా అమర్చింది, ఎర్రపోటు (సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి సముద్రపు నీరు ఎర్రబారడం) వచ్చినప్పుడూ తుఫాను ముంచుకొచ్చినప్పుడూ సురక్షితమైన చోటికి మార్చింది ఈ స్త్రీలే. వారు తమకు తాము విధించుకున్న కట్టుబాట్లు మరీ గొప్పవి. సిలిండర్లు వాడితే సముద్రం ఖాళీ అవుతుందని వాటిని దూరం పెట్టారు, 10.6 సెంటీమీటర్ల కన్నా చిన్నదైన అబలోనీ నత్త చేతికి దొరికినా తిరిగి వదిలేస్తారు; అది గుడ్లు పెట్టే కాలంలో దాని వేటే మానేస్తారు. తల గుడ్డ మీద ఒక్క గీతతో మొదలైన చోటికే తిరిగి వచ్చే నక్షత్రాన్నీ, గళ్ల గళ్ల గుర్తునూ కుట్టుకుంటారు. మునిగినవారు క్షేమంగా పైకి రావాలని మొదటిది, చెడు దరి చేరకూడదని రెండవది. మన గుమ్మాలకు దిష్టి గుమ్మడికాయ కట్టినట్టే అనుకోండి. జపాన్ ప్రభుత్వం 2017లో ఈ వేట పద్ధతిని ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది. కానీ వారి సంఖ్య ఏటేటా తగ్గుతోంది, వయసు పెరుగుతోంది, సముద్రపు నాచు క్షీణించిన చోట నత్తలూ తగ్గిపోతున్నాయి. చూడగలిగిన కాలంలోనే చూడటం మంచిది.

ప్రశ్న: స్వాతి కార్తెలో చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందని మా అమ్మమ్మ చెప్పేది. నా పెళ్లికి చార్మినార్ దగ్గర కొన్న ముత్యాల హారం ఉంది. జపాన్‌లో మనుషులే ముత్యాలు తయారు చేస్తారని విన్నాను. అవి నకిలీవేనా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: కావు. మనిషి చేసేది ఆరంభం మాత్రమే, ముత్యాన్ని చేసేది చిప్పలోని జీవమే. అకోయా అనే చిప్పను కొద్దిగా తెరిచి, మంచినీటి చిప్ప పెంకు నుంచి మలిచిన చిన్న గుండును, దానితో పాటు మరొక చిప్ప లోపలి పొర ముక్కను పెడతారు. ఆ పొరలోని కణాలు గుండు చుట్టూ సంచిలా పెరిగి, మెరిసే పదార్థాన్ని పలుచని పొరలుగా దాని మీద పేరుస్తూ పోతాయి. తెప్పలకు వేలాడదీసిన చిప్పలు ప్రశాంతమైన అఖాతంలో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఉంటాయి. స్వాతి చినుకు కథ మధురమైనదే, దానిని మీ పిల్లలకు తప్పక చెప్పండి. ఈ సంగతి కూడా దానితో పాటే చెప్పండి.

దీనికి మార్గం చూపిన మికిమోతో కోకిచి 1858లో తోబాలో, ఉదోన్ అనే గోధుమ సేమ్యా అమ్మే ఇంట్లో పుట్టాడు. 1892లో ఎర్రపోటు వచ్చి అతను ఆగో అఖాతంలో పెంచుతున్న చిప్పలు నాశనమైనాయి. తోబాలో ఇప్పటి ముత్యాల దీవి దగ్గర ఉంచినవి మాత్రం మిగిలాయి. 1893 జూలై 11న వాటిని తెరిచి చూడగా అర్ధగోళాకారపు ముత్యాలు కనిపించాయి. పూర్తి గుండ్రని ముత్యాలు సాధించడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, ఆ కృషిలో మిసే, నిషికావా వంటి ఇతరుల పాలు కూడా ఉంది. ఈ పెంపకపు ముత్యాలు ప్రపంచపు బజారులోకి వచ్చాక పర్షియా గల్ఫులో శతాబ్దాలుగా సాగిన సహజ ముత్యాల వ్యాపారం దెబ్బతిన్నది. నిజాముల కాలంలో హైదరాబాదుకు బస్రా ముత్యాలు వచ్చేవి. నేడు పత్తర్‌గట్టీ దుకాణాలలో అమ్మేవి దాదాపు అన్నీ పెంపకపువే. అందులో లోటేమీ లేదు.

మీ హారం గురించి ఒక మాట. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దితే అసలువి కాస్త గరుకుగా తగులుతాయి, గాజు లేదా ప్లాస్టిక్కువి జారుతాయి. ముత్యానికి పులుపు శత్రువు. చెమట, అత్తరు, చింతపండు పిసికిన చేయి తగిలితే మెరుపు తగ్గుతుంది. తీసిన వెంటనే మెత్తని గుడ్డతో తుడిచి భద్రపరచండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. తోబా అక్వేరియంలో ఒక జీవి అయిదేళ్లు ఏమీ తినకుండా బతికిందట, నిజమేనా? అక్కడ ఇంకా ఏముంటాయి?
– ఒక విద్యార్థిని, అచ్చంపేట

జవాబు: నిజమేనమ్మా. అది మెక్సికో గల్ఫు లోతుల నుంచి తెచ్చిన భారీ ఐసోపాడ్, మన తోటలో రాయి ఎత్తితే ముడుచుకునే చిన్న పురుగుకు దూరపు బంధువు. 2009 జనవరి 2న ఒక చేపను తిన్న తరువాత మరేదీ ముట్టకుండా 2014 ఫిబ్రవరి 14న చనిపోయింది. లోతు సముద్రంలో ఆహారం ఎప్పుడో గానీ దొరకదు కనుక అటువంటి జీవులు చాలా తక్కువ శక్తితో బతుకుతాయి. అయినా అది అన్నేళ్లు ఎలా బతికిందన్నది పరిశోధకులను ఆలోచింపజేసిన విషయమే.

1955లో ప్రారంభమైన ఆ అక్వేరియంలో సుమారు 1,200 జాతుల జీవులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది సెరీనా అనే డ్యూగాంగ్. 1987లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఆ సముద్రపు క్షీరదం గడ్డి తిని బతుకుతుంది. జపాన్‌లో మరే అక్వేరియంలోనూ డ్యూగాంగ్ లేదు. దీని జాతివి మన దేశంలోనూ ఉన్నాయి, వాటి కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. అలాగే ఒకప్పుడు జపాన్ అక్వేరియంలలో వంద దాటి ఉన్న సముద్రపు నీటికుక్కలు క్రమంగా తగ్గిపోయి, 2025 ఆరంభంలో ఫుకువోకాలోనిది చనిపోయాక తోబాలోని రెండే మిగిలాయి. అక్కడ ఫలానా దారిన నడవాలనే నియమం లేదు కాబట్టి, ఎవరైనా వెళ్తే ముందు ఈ రెంటినీ చూసి, ఆ తరువాత తీరికగా తిరగమని చెప్పు.

ప్రశ్న: మా అత్తగారు చేపలు ముట్టరు. సముద్రతీరపు ఊరిలో ఆమెకు భోజనం దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: కష్టమే. చేప ముక్క కనిపించని పులుసులో కూడా ఎండు చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. ఇసే ప్రాంతపు మెత్తని ఉదోన్ మీద పోసే నల్లని పులుసులోనూ అదే ఉంటుంది. కాబట్టి ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లడమే మేలు, ఎక్స్‌ప్రెస్ రైలులో కూర్చుని తినవచ్చు. తీపి కావాలంటే 1707 నుంచి ఇసేలో చేస్తున్న అకాఫుకు కొనండి. మెత్తని బియ్యపు ముద్ద మీద చక్కెర కలిపిన ఎర్ర చిక్కుడు గింజల ముద్ద ఉంటుంది, అందులో చేప ఉండదు. అది రెండు మూడు రోజులకు మించి నిలవ ఉండదు కనుక ఊరికి తేవాలని పెట్టుకోకుండా అక్కడే తినేయమనండి.